కింది రేవుకు తాళం

మా ముత్తాత రామచంద్రయ్య గారు ఊరి మునసబు. ఆయన తండ్రీ మునసబే. మా తాత శేషాచలపతిరావు గారికి కాలువకు అటూ ఇటూ మాగాణి ఉండేది. కాలువకు నీళ్ళు వదిలిన రోజున లాకుల దగ్గర పనిచేసే లస్కరు మా అరుగు దగ్గర ఆగి, తలగుడ్డ తీసి, "వదిలామండి" అని చెప్పి వెళ్ళేవాడు. అలా చెప్పాలని ఏ రూలూ లేదు. చెప్పకుండా పోతే బాగుండదని అతనికీ తెలుసు, మాకూ తెలుసు. తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే దారిలో మా ఊరు. పేరు రాయను. ఆ దారిన తిరిగేవాళ్ళు పోల్చుకుంటారు, మిగిలినవాళ్ళకు అవసరం లేదు.

మా నాన్నగారి హయాంలో అంతా పోయింది. ఎలా పోయిందో చెప్పడం ఇక్కడ నా పని కాదు. పేకాటకూ తాగుడుకూ పోలేదని మాత్రం రాస్తాను. ఒక రైసుమిల్లుకు కొంత పోయింది, ఇంకొకరి మాటకు పూచీ ఉండి మిగిలింది పోయింది. నేను లా చదివే నాటికి మా లోగిలి తలుపులు ఇంకొకరి ఇంటికి బిగించి ఉన్నాయి. పరీక్ష రాసి అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని అయ్యాను. అంటే పోలీసులు పెట్టిన కేసును ప్రభుత్వం తరఫున మేజిస్ట్రేటు ముందు నడిపే వకీలు. తెనాలి, బాపట్ల, రేపల్లె కోర్టుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో, ఏ ఆర్డరు ఎవరు ఆపారో రాయను. అవి ఎవరి జీవితంలోనైనా ఒకటే. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు పనికొస్తాయనుకున్న రెండు మూడు సంగతులు రాస్తున్నాను. అవన్నీ కంచెలకూ నీళ్ళకూ సంబంధించినవే. హత్యలూ దోపిడీలూ పై కోర్టులకు పోతాయి. మన దగ్గర మిగిలేవి ఇవే. వీటిని చిన్న కేసులంటారు. నేను అనను.

స్థలం చూడటం

బాపట్లలో నా పై అధికారి సుందరరామశాస్త్రి గారు. కోపిష్టి. కాఫీ తాగే గ్లాసు ఇంకొకరు ముట్టుకుంటే మళ్ళీ దాంట్లో తాగేవాడు కాదు. అలాంటి మనిషి కింద పనిచేయడం నాకు కష్టమే. మా ఇంట్లో ఒకరి కింద పనిచేసినవాళ్ళు అంతకు ముందు లేరు. అయినా ఆయన నేర్పింది ఇంకెవరూ నేర్పలేదు.

చేరిన కొత్తలో ఒక అక్రమ ప్రవేశం కేసు ఫైలు ఆయన బల్ల మీద పెట్టి, "చదివానండి, బలంగానే ఉంది" అన్నాను.

"స్థలం చూశావా?"

"పంచనామాలో ఉంది కదండీ."

"పంచనామా రాసిన రైటరు చూశాడు స్థలం. నువ్వు చూశావా అని."

"లేదండి."

"మరి ఏది బలంగా ఉంది? రైటరు చేతిరాతా?"

ఆదివారం బస్సెక్కి వెళ్ళి చూసి రమ్మన్నాడు. అప్పటి నుంచి కంచె దాటిన కేసు ఏది వచ్చినా నేను ఆ కంచె చూడకుండా కోర్టులో నోరు విప్పలేదు. కంచె ఎక్కడ మొదలైంది, దాని కింద కాలిబాట గుర్తుందా, అవతల ఏముంది. ఈ మూడూ చూస్తే సగం కేసు అర్థమవుతుంది. ఇప్పుడు పిల్లలు ఫోనులో మ్యాపు చూసి సరిపెట్టుకుంటున్నారు. ఆకాశం నుంచి చూస్తే అన్ని కంచెలూ ఒకలాగే ఉంటాయి.

ఆ రోజు నేను చూసి వచ్చింది కర్లపాలెం అవతల, సముద్రం వైపు, ఒక రొయ్యపిల్లల కంపెనీ వేసిన ముళ్ళకంచె. దాని లోపల ఒక దొరువు ఉంది. ఇసకలో తవ్విన లోతులేని గుంటను అక్కడ దొరువంటారు. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా అందులో తియ్యటి నీళ్ళు ఊరతాయి. చుట్టుపక్కల బోరు వేస్తే ఉప్పునీళ్ళే. ఆ దొరువుకు ఇసకలో నడిచి నడిచి పడిన బాట కంచె కిందుగా సరాసరి లోపలికి పోతోంది. ముద్దాయిలు బిందెలు పట్టుకుని ఆ బాటన పోయిన ఆడవాళ్ళు.

కోర్టులో కంపెనీ వాచ్‌మన్ నా మొదటి సాక్షి. నేను అడగవలసినవి అడిగి కూర్చున్నాక మేజిస్ట్రేటు గారు తనే మొదలుపెట్టారు.

"లోపలికి వచ్చి వీళ్ళేం చేశారయ్యా?"

"నీళ్ళు తోడుకున్నారండి."

"ఇంకా?"

"నన్ను తిట్టారండి. మా అమ్మను కూడా తిట్టారండి."

"వాళ్ళు తిట్టకముందు నువ్వేం చేశావు?"

వాచ్‌మన్ నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

"బిందె తన్నానండి."

ముద్దాయిల్లో ఒకామె వెనక నుంచి, "నిండు బిందండి అయ్యా, ఖాళీది కాదు" అంది. కోర్టంతా నవ్వింది. మేజిస్ట్రేటు గారూ నవ్వు దాచుకోలేకపోయారు. కేసు కొట్టేశారు. నా పక్షం ఓడిపోయింది. శాస్త్రి గారు మాత్రం ఆ సాయంత్రం నాకు కాఫీ తెప్పించారు.

చట్టంలో ఉన్నది చాలా చిన్న మాట. ఒకరి చోటులోకి అడుగుపెట్టినంత మాత్రాన నేరం కాదు. అక్కడ నేరం చేయాలనో, ఆ చోటు స్వాధీనంలో ఉన్న మనిషిని బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉండాలి. ఈమధ్య చట్టం పేరు మారింది, సెక్షన్ల అంకెలు మారాయి, ఈ మాట మారలేదు. పోలీసులు ఛార్జిషీట్లో ఉద్దేశం గురించి ఒక వాక్యం రాస్తారు. అన్ని ఛార్జిషీట్లలోనూ అదే వాక్యం. దాన్ని నమ్మకండి. నీళ్ళకు వచ్చిన మనిషి ఉద్దేశం నీళ్ళే.

తాళం తీసిన మనిషి

ఇంతమాత్రం చదివి కంచెలన్నీ పీకేయాలని నేను చెబుతున్నానని అనుకోవద్దు.

తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో పెద్ద మంచినీళ్ళ చెరువులున్నాయి. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి ముందే నింపి పెట్టుకుంటారు. ఒక చెరువుకు కాపలా ఉండే యేసోబు అనే మనిషి మంచివాడు. పక్కన ఇల్లు కడుతున్న తాపీమేస్త్రి ఒకతను వైశాఖం ఎండలో వచ్చి, ఒక్క మునక మునిగి పోతానని అడిగాడు. యేసోబు గేటు తాళం తీశాడు. ఆ చెరువు అడుగున పంపుకు నీళ్ళు లాగే గొట్టం ఉంది. మేస్త్రికి తెలియదు. యేసోబు చెప్పలేదు. సాయంత్రానికి శవాన్ని బయటికి తీశారు.

నిర్లక్ష్యం కేసు యేసోబు మీద పెట్టారు, నేనే నడిపాను. బోనులో నిలబడి అతను తప్పించుకునే మాట ఒక్కటీ చెప్పలేదు.

"ఎండకు తాళలేక అడిగాడండి. నీళ్ళెదురుగా పెట్టుకుని మనిషిని ఎట్టా పొమ్మంటానండి?" అన్నాడు.

శిక్ష పడింది. పడాలి కూడా. బయటికి వచ్చాక మేస్త్రి తల్లి నా దగ్గరకొచ్చి, "ఆ తాళం తియ్యకుండా ఉంటే తిట్టుకుంటా ఇంటికొచ్చేవాడు గదా బాబూ" అంది.

దొరువు కేసూ, యేసోబు కేసూ రెండూ తలలో పెట్టుకుంటేనే మూడోది అర్థమవుతుంది. ఆ మూడోది మా ఊరిది.

కింది రేవు

మా ఊళ్ళో కాలువకు రెండు రేవులు. పై రేవుకు మా ముత్తాత మెట్లు కట్టించారు. గుడి అభిషేకానికి నీళ్ళు అక్కడే తీస్తారు, చావు స్నానాలు అక్కడ చేయకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది మా వాళ్ళే. కింది రేవు మట్టి రేవు. పదో రోజు కర్మలన్నీ అక్కడే. చనిపోయినవాళ్ళ బిడ్డలు గుండ్లు చేయించుకోవడం, పిండాలు పెట్టడం, ఇంటిల్లిపాదీ తలమీద నీళ్ళు పోసుకుని మైల వదిలించుకోవడం అక్కడే. ఇప్పుడు కారున్నవాళ్ళు కృష్ణ ఒడ్డుకు వెళ్ళి చేసుకొస్తున్నారు. గట్టు కింద కాలనీలో ఉండేవాళ్ళకు, కూలికి పోయేవాళ్ళకు, కింది రేవొక్కటే.

ఆ రేవు ఉన్న చోటే రక్షిత మంచినీటి పథకం. కాలువ నుంచి నీళ్ళు తోడే పంపు, పక్కనే చెరువు. చాలా ఏళ్ళు కంచె లేదు. తర్వాత తీగ కంచె వేశారు గానీ రేవు వైపు వదిలేశారు. నా ఉద్యోగం చివరి ఏళ్ళలో, ఇంకెక్కడో ఎవరో తాగునీళ్ళలో ఏదో కలిపారన్న పుకారు పుట్టి, నీళ్ళు తోడే చోట్లన్నింటికీ కంచె పూర్తిగా బిగించి తాళం వేయమని ఆదేశాలొచ్చాయి. రేవు కంచె లోపల పడింది. అనుమతి లేనిదే ప్రవేశం నేరమని బోర్డు పెట్టారు.

తాళం పడ్డాక మొదటి చావు సుబ్బారావుది. కాలనీ మనిషి, పొలంలోనే గుండె ఆగిపోయింది. పదో రోజు పొద్దున భార్య నాగరత్నమ్మ, కొడుకు శ్రీను, బంధువులు, మంగలి, పిండాలు పెట్టించే జంగమయ్య అంతా వచ్చి చూస్తే తాళం. కాపలావాడు లేడు. ఫోను ఎత్తలేదు. ఎండెక్కుతోంది. శ్రీను గడ్డపార తెచ్చి తాళం పగలగొట్టాడు.

ఎవరో ఫోను చేయగా పోలీసు జీపు వచ్చేసరికి పిండాలు పెట్టేశారు, కాకి ఇంకా ముట్టలేదు. ఆ ఎస్సై కుర్రవాడు టోపీ చంకలో పెట్టుకుని, కాకి వచ్చి ముట్టేదాకా జీపు దగ్గరే నిలబడ్డాడట. ముట్టాకనే వచ్చి పేర్లు రాసుకున్నాడు. ఆ ఒక్క పనికి అతని మీద నాకు గౌరవం. ఛార్జిషీటు మీద మాత్రం లేదు. అక్రమ ప్రవేశం, ప్రభుత్వ ఆస్తి ధ్వంసం, మంచినీళ్ళు చెడగొట్టడం. మంగలిని ఐదో ముద్దాయిని చేసి, అతని దగ్గర దొరికిన పదునైన ఆయుధమని మంగలికత్తి స్వాధీనం చేసుకున్నారు. ఇంకో కత్తి కొనుక్కునేదాకా అతను పది రోజులు ఊళ్ళో ఎవరికీ గడ్డం గీయలేకపోయాడు.

ముద్దాయిల్లో నాగరత్నమ్మ పేరు లేదు. ఆవిడ స్టేషనుకు వెళ్ళింది.

"నా పేరు రాయలేదేంటండి? పగలగొట్టమని చెప్పింది నేను గదా."

"అమ్మా, ఇది శుభలేఖ కాదు, అందరి పేర్లూ వేయడానికి. ఇంటికెళ్ళు" అన్నాడట ఎస్సై.

ఆ కేసు రేపల్లె కోర్టుకు, అంటే నా బల్ల మీదికి వచ్చింది.

నేను స్థలం చూడటానికి వెళ్ళాను. నాకు తెలియని స్థలం కాదు, అయినా వెళ్ళాను. గేటుకు కొత్త తాళం ఉంది. పథకం ఇంజనీరు మాధవి గారు కూడా వచ్చింది. నిక్కచ్చిగా మాట్లాడే మనిషి.

"వాళ్ళ మీద నాకు కోపం లేదండి. ఈ నీళ్ళు చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ కుళాయిల్లో పోతున్నాయి. పంపు పక్కనే పిండాలు, గుండు వెంట్రుకలు, ఇరవై మంది స్నానాలు. రేపు ఒక పసిబిడ్డకు వాంతులైతే మీరెవరూ రారు, నన్నే నిలదీస్తారు" అంది.

"అయితే ఎక్కడ చేసుకోమంటారు?"

"అది నన్నడిగితే ఎట్టాగండి? పంపుకు దూరంగా పై రేవు ఉంది గదా అన్నాను పంచాయతీలో. మీ వీధివాళ్ళే లేచి గొడవ చేశారు."

యేసోబు తాళం తీసిన సంగతి నాకు గుర్తుంది. ఆవిడ చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

తిరిగి వస్తుంటే కాలనీ మొదట్లోనే అంకయ్య పిలిచాడు. సుబ్బారావు తండ్రి. మా తాతగారి పొలంలో పాలేరుగా చేసినవాడు. మంచం పట్టి చాలా రోజులైంది.

"చినబాబుగారా? దగ్గరికి రండి, కళ్ళు ఆనటం లేదు. కేసు మీ దగ్గరికే వచ్చిందంట గదా."

"వచ్చింది అంకయ్యా."

"వాడికంటే ముందు నేను పోవాల్సిందండి. వాడు తొందరపడ్డాడు. ఇప్పుడు నేను పోదామంటే రేవు లేకపాయె. పోయినాక పదోనాడు వీళ్ళు నన్ను ఎక్కడ దాటిస్తారండి? బాత్రూములోనా?" అని నవ్వాడు. "మీ కోర్టులో వాయిదా ఎప్పుడో చెప్పండి. దాన్నిబట్టి పోతాను."

పక్కన నాగరత్నమ్మ, "ఊరుకో మావా" అంది. ఆవిడ నవ్వలేదు.

షరతుల్లేని దానం

శ్రీను తరఫున రేపల్లె కుర్ర వకీలు ఒకతను వచ్చాడు. వరండాలో నన్ను ఆపాడు.

"సార్, ఆ స్థలం పథకానికి ఇచ్చింది మీ తాతగారంట గదా."

"అవును."

"అంత పెద్దమనిషి ఊరివాళ్ళకు రేవుదారి మినహాయించకుండా ఇచ్చి ఉండరండి. దస్తావేజు నకలు తీయిస్తాను. ఒక్క లైను ఉంటే చాలు."

"లేదయ్యా."

"చూడకుండా చెబుతారేంటి సార్?"

చూడనక్కర్లేదు. ఆ సంగతి మా ఇంట్లో కథలాగా చెప్పుకునేవాళ్ళం. రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా కలం ఎత్తి, "షరతులేమన్నా రాయమంటారా అండి?" అని అడిగాడట. మా తాతగారు కండువా దులిపి, "ఇచ్చేవాడు షరతు పెడితే దాన్ని దానమనరు, అద్దె అంటారు" అన్నారట. చిన్నప్పుడు ఆ మాట విన్నప్పుడల్లా నా వెన్ను నిటారుగా అయ్యేది. ఇల్లు పోయింది, మిల్లు పోయింది, ఆ మాట మాత్రం మాకు మిగిలిందనుకునేవాణ్ణి.

రేవు మీద ఊరివాళ్ళు ఎప్పుడూ నడుస్తూనే ఉన్నారు, ఎప్పటికీ నడుస్తారు, రాయించుకోవడమేమిటి అనుకున్నారాయన. ఆయన బతికినంతకాలం అది నిజమే. ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే ఏ ఇంజనీరూ రేవుకు తాళం వేయడు. మా బోటి కుటుంబాలు చేసే పొరపాటు ఇదే. మనం ఉంటాం, మన మాట ఉంటుంది, కాగితం అనేది బలం లేనివాళ్ళకు అవసరమని అనుకుంటాం. ఇచ్చిన మనిషి పోతాడు, మాటా పోతుంది. ఇచ్చినచోట బతికేవాళ్ళు మిగులుతారు. ధర్మంగా ఏదైనా ఇచ్చేవాళ్ళు మీ దగ్గరికి సలహాకు వస్తే, వాళ్ళు కోప్పడినా సరే షరతు రాయించండి. అది వాళ్ళ కోసం కాదని చెప్పండి.

నేరం కాదు, హక్కూ కాదు

ఊరు నాది, స్థలం మా తాతది, కాబట్టి ఈ కేసు నేను నడపకూడదని పై అధికారికి రాశాను. ఆయన ఫోను చేసి, "మీరు మొదటి నుంచీ మొండిమనిషేనండి. నడిపేసి కొట్టించెయ్యొచ్చు గదా, ఎవరు చూస్తారు?" అన్నాడు. నేను చూస్తాను కాబట్టి తప్పుకున్నాను. నా బదులు బాపట్ల నుంచి వచ్చిన వకీలు నిజాయితీగా నడిపాడు. మేజిస్ట్రేటు గారు అక్రమ ప్రవేశం లేదన్నారు. తండ్రి కర్మ చేయడానికి వెళ్ళిన కొడుకుకు ఎవరినీ విసిగించే ఉద్దేశం లేదు. నీళ్ళు చెడగొట్టారన్నది కూడా రుజువు కాలేదు. తాళానికి జరిమానా వేశారు, శ్రీను కట్టాడు. మంగలికి కత్తి తిరిగి ఇచ్చారు.

కాలనీలో మిఠాయి పంచారు. నాగరత్నమ్మ ఒక్కతే కోర్టు మెట్ల మీద నన్నాపి అడిగింది.

"గెలిచాం గదండి. తాళం తీస్తారా?"

"తీయరమ్మా."

"గెలిస్తే కూడానా?"

ఈ ఉద్యోగంలో నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో అంత సూటిది లేదు. లోపలికి వెళ్ళడం నేరం కాదని కోర్టు చెబితే, లోపలికి వెళ్ళే హక్కు ఉందని చెప్పినట్టు కాదు. రెండింటి మధ్యా చాలా ఖాళీ ఉంది, నీళ్ళు కావలసినవాళ్ళు తరతరాలుగా ఆ ఖాళీలోనే నిలబడి ఉన్నారు. మన కోర్టు ముద్దాయిని వదిలేస్తుంది, గేటు తెరవదు. గేటు తెరిపించాలంటే వేరే చోటికి పోవాలి. సివిలు కోర్టుకు పోతే అంకయ్య బతికుండగా తేలదు. ఇంకొక దారి ఉంది. నీళ్ళూ దారీ వాడుకునే హక్కు మీద తగువొస్తే, అది కొట్లాటకు దారితీసేలా ఉంటే, ఆర్డీవో విచారించి ఆర్డరు ఇవ్వవచ్చు. మన వకీళ్ళు దాన్ని పెద్దగా వాడరు. నేర్చుకోండి.

అప్పటికి నేను రిటైరయ్యాను. అంకయ్య పేరున ఆ అర్జీ నేనే రాశాను. ఆర్డీవో గారు స్వయంగా వచ్చి కాలువ గట్టు మీద కుర్చీ కూడా వద్దని నిలబడి అందరి మాటా విన్నారు. ఆర్డరు తేటగా ఇచ్చారు. కాలనీవాళ్ళ వాడుక పాతది, వేరే చోటు చూపించకుండా దాన్ని ఆపడానికి వీల్లేదు. పంపు దగ్గర మాత్రం కుదరదు. పంపు దాటాక, పల్లానికి, కంచె బయట వేరే రేవు కట్టించాలి. అక్కడి నీళ్ళు కుళాయిలకు రావు. మెట్ల ఖర్చు శాఖది. గట్టు ప్రభుత్వానిది. కాలనీ నుంచి ఆ గట్టుకు దారి చూసుకోవాలి.

మాధవి గారు టేపు పట్టించి కొలిపించింది. ఒక పక్క మురుగు కాలువ. రెండో పక్క, కాలనీకీ గట్టుకూ మధ్య, ఒక కొబ్బరి దొడ్డి. మా నాన్నగారి అప్పులవాళ్ళు కూడా వద్దని వదిలేసిన చవిటి ముక్క. నా పేరున ఉంది.

బేరం

కాలనీకి వెళ్ళి అంకయ్య మంచం దగ్గర కూర్చున్నాను. మాధవి గారూ వచ్చింది. నాగరత్నమ్మ, శ్రీను, ఇంకో నలుగురు నిలబడ్డారు.

"దొడ్డి మొత్తం రాసిస్తాను. ఈసారి మీకే, శాఖకు కాదు. రేపల్లెలో దానపత్రం రిజిస్టరు చేద్దాం" అన్నాను. అంటుంటే నాకు సంతోషంగానే ఉంది.

నాగరత్నమ్మ పమిట సర్దుకుంది.

"దానం వద్దండి బాబుగారు."

"ఏం?"

"మీ తాతగారూ దానమే చేశారు. మంచాయనే, కాదనటం లేదండి. అయినా మేము ఆ రేవులో దిగినన్నాళ్ళూ ఆయనిచ్చిన చోటనే దిగాం. మాది అని ఎప్పుడూ అనుకోలా. అందుకే తాళం వేసినరోజు గూడా గట్టిగా అడగలేకపోయాం. మేం కొనుక్కుంటామండి."

"నేను డబ్బు తీసుకోను."

"అయితే మాకొద్దండి."

"అంత పౌరుషమేంటమ్మా?"

"మీకున్నది మాకుండకూడదా అండి?"

శ్రీను తల్లి చేయి పట్టుకుని లాగాడు. మాధవి గారు టేపు చుట్టుకుంటూ కూర్చుంది. మంచం మీద నుంచి అంకయ్య గొంతు వచ్చింది.

"చినబాబుగారు, ధర చెప్పండి. మీ ఇంట్లో నలభై ఏళ్ళు చేశాను, మీ వాళ్ళు ఇచ్చింది తీసుకున్నాను, ఇంతని ఎప్పుడూ అడగలా. పోయేముందు ఒక్కసారన్నా మీ ఇంటి మనిషితో బేరమాడి పోతాను."

నా ధర నేను చెప్పాను. అంకయ్య తల అడ్డంగా ఊపాడు.

"పక్క దొడ్డి అంతకు రెండింతలకు పోయిందండి. మీరు చెప్పింది దానమే, పేరు మార్చారంతే. పెంచండి."

"ఏంటి మావా, కొనేవాడివి నువ్వా, అమ్మేవాడివా?" అన్నాడు వెనక ఎవరో. అందరూ నవ్వారు. నేను కొంచెం పెంచాను.

"ఇంకా."

"అంకయ్యా, అది చవిటి నేల."

"మీ సరుకును మీరే తక్కువ చేసుకుంటే ఎట్టాగండి? మీ తాతగారు అట్టా అనేవాడా?"

ఇంకొంచెం పెంచాను. అతను తల ఊపాడు. "ఇప్పుడు తగ్గించండి, కొంచెం. బేరమన్నాక తగ్గాలి గదా." తగ్గించాను. చేయి చాపాడు. పట్టుకున్నాను. మా ఇంట్లో పాలేరు చేయి పట్టుకుని బేరం కుదుర్చుకున్నవాళ్ళు నాకు తెలిసి లేరు.

నాగరత్నమ్మ అప్పుడు ఏడ్చింది. మొగుడు పోయినరోజు కూడా ఏడవలేదని వాళ్ళన్నారు.

కాలువలు కట్టేసిన వేసవిలో కొత్త రేవుకు మెట్లు పడ్డాయి. పంపు దగ్గర కంచె అలాగే ఉంది, ఉండాలి. అంకయ్య ఇంకా ఉన్నాడు. రిజిస్ట్రేషను రోజున ఆటోలో వచ్చి, మెట్లెక్కలేక, గుమాస్తాను కిందికి పిలిపించుకుని వేలిముద్ర వేశాడు. కొన్నవాళ్ళు కాలనీలోని కుటుంబాలన్నీ, ఉమ్మడిగా. అమ్మినది కొబ్బరి చెట్లతో సహా దొడ్డి మొత్తం. దానితో ఆ ఊళ్ళో మా కుటుంబం పేరున ఉన్న భూమి అంతా అయిపోయింది.